చిన్నమ్మ గండభేరుండం

మా చిన్నమ్మది రాయచూరు. పెళ్లి మాటలప్పుడు పుట్టింటివాళ్లు బీరువా పెడతామంటే వద్దని, కుట్టు మిషన్ కావాలని అడిగి మరీ తెచ్చుకుంది. మా నాయనమ్మకు ఆ సంగతి చానా రోజులు మింగుడుపడలేదు. "కోడల్ని తెచ్చుకున్ననా, దర్జీని తెచ్చుకున్ననా" అని అరుగు మీద కూర్చున్నవాళ్లందరికీ చెప్పుకునేది. ఏడాది తిరక్కముందే ఊళ్లో ఎవరింట్లో పెళ్లి కుదిరినా అదే నాయనమ్మ వాళ్లను వెంటబెట్టుకొచ్చి, "మా చిన్నకోడలు మిషన్ మీద పువ్వులు కుడతది, సూడుండ్రి" అని ముందుగదిలో కూర్చోబెట్టేది. కమీషనేమీ లేదు. ఆ గొప్పే చాలు ఆమెకు.

ఇది 1990ల మొదటి సగం మాట. మా ఊరు మక్తల్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది; నారాయణపేట జిల్లా అయింది 2019లో. జిల్లా పాలమూరే గానీ మా బజారు మాత్రం రాయచూరు. కృష్ణ మీది వంతెన దాటితే ఎంతసేపు! పెళ్లి బట్టలకు రాయచూరు, పన్ను నొప్పికి రాయచూరు, చిన్నమ్మ దారాలకూ రాయచూరే. తెల్ల కాగితం మీద దారప్పోగులు వరసగా అంటించి, పక్కన పెన్సిల్‌తో ఎన్ని రీళ్లో రాసి, అటు పోయేవాళ్ల చేతిలో పెట్టేది. పక్క రంగు తెచ్చారంటే ఆ రోజు వాళ్లకు మూడినట్టే. చిన్నాయన పనికని బొంబాయి పోయే మనిషి. పాలమూరు వాళ్ల వలస సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఆయన లేని నెలల్లో ఇల్లు నడిచింది ఈ రీళ్ల మీదే.

ఎంబ్రాయిడరీకి వేరే మిషన్ ఉండేదనుకునేరు. జాకెట్లూ లంగాలూ కుట్టే కాలి మిషనే. ముందు స్క్రూ విప్పి, బట్టను నొక్కిపట్టే ఫుట్ తీసేసేది. సూది కింద బట్టను ముందుకు లాగే పళ్లుంటాయి కదా, వాటి మీద చిన్న ప్లేటు బిగించేది. ఇక బట్టను పట్టేదీ లేదు, లాగేదీ లేదు. సూది ఉన్నచోటే పైకీ కిందికీ ఆడుతుంటుంది. బట్టను ఎటు జరిపితే అటే కుట్టు. కాళ్లు తొక్కుతుంటాయి, చేతులు ఫ్రేమును జరుపుతుంటాయి. ఈ రెండింటికీ లెక్క కుదరాలి. కాలు వేగమై చెయ్యి నిదానిస్తే దారం ఒకేచోట గుట్ట పడుతుంది. చెయ్యి వేగమై కాలు నిదానిస్తే కుట్లు బారెడు బారెడు పడతాయి. సూది బట్టలో దిగి ఉండగా ఫ్రేము గుంజితే టప్పున విరుగుతుంది. విరిగిన మొన కోసం చాప అంతా చేత్తో తడుముతూ వెతకాలి, చిన్నపిల్లలు తిరిగే ఇల్లు మరి.

ఫ్రేము అంటే ఒకదాంట్లో ఒకటి పట్టే రెండు చెక్క రింగులు. లోపలి రింగుకు పాత నూలు చీర పేలిక చుట్టి ఉండేది, బట్ట జారకుండా. చేత్తో కుట్టేవాళ్లు బిగించే తీరుకు ఇది తలకిందులు; బట్ట ఫ్రేముకు అడుగున, మిషన్ బల్లకు ఆనుకుని ఉండాలి. బిగించాక వేలితో కొట్టి చూసేది. డప్పులాగా మోగితేనే మిషన్ కిందికి పోయేది, లేదంటే విప్పి మళ్లీ మొదలు. పైదారం టెన్షన్ కాస్త వదులు చేసేది. బిగువుగా ఉంటే కింద బాబిన్‌లోని తెల్లదారం చుక్కలు చుక్కలుగా పైకి లేచి, ఎర్ర గులాబీకి తెల్ల మచ్చలు వస్తాయి. పల్లెటూరి యువతకు పని నేర్పే ట్రైసెం లాంటి సర్కారు పథకాల కింద మిషన్ నేర్చుకున్న ఆడవాళ్లు మా వైపు అప్పటికే కొందరున్నారు. కానీ వాళ్లంతా సాదా కుట్టు వాళ్లు. ఫుట్ లేకుండా మిషన్ తొక్కడమంటే వాళ్లకూ భయమే.

డిజైన్ బట్ట మీదికి ఎక్కించేటప్పుడు నాకు పని పడేది. బటర్ పేపర్ మీద చిన్నమ్మ బొమ్మ గీసి ఇచ్చేది. మడతపెట్టిన గొంగడి మీద ఆ పేపర్ పరిచి, గీత వెంబడి సూదితో సన్నగా పొడుచుకుంటూ పోవాలి. చుక్కకీ చుక్కకీ మరీ ఎడం ఉండొద్దు, మరీ దగ్గరైతే పేపర్ చిరిగిపోతుంది. తర్వాత ఆ పేపర్‌ను బట్ట మీద పెట్టి, గ్యాసు నూనెలో నీలం పొడి కలిపి దూది ఉండతో రుద్దితే, ప్రతి బెజ్జంలోంచీ ఒక నీలి చుక్క దిగేది. ముదురు రంగు బట్టయితే నీలానికి బదులు జింకు పొడి. నూనె ఆరిపోతుంది, చుక్కలు నిలుస్తాయి. పని కాగానే పేపర్‌ను మళ్లీ గ్యాసు నూనెతో తుడిచి దండెం మీద వేసేవాళ్లం, బెజ్జాలు పూడకుండా. ఒక్క చిలకల జంట పేపర్ మా వాడలో ఎంతమంది పెళ్లికూతుళ్ల దిండ్ల మీద వాలిందో లెక్కలేదు. మా ఇల్లంతా ఎప్పుడూ రేషన్ షాపు వాసనే. స్టౌకు తక్కువ, చిన్నమ్మ దూదికి ఎక్కువ అని నాయనమ్మ గొణిగేది.

వచ్చేవాళ్లు అడిగేవి మాత్రం నాలుగే నాలుగు: గులాబీ, చిలకల జంట, నెమలి, ఇంగ్లీషు అక్షరాలు. కేస్‌మెంట్ గుడ్డ తెచ్చిచ్చేవాళ్లు. పెళ్లి సామాన్లలోకి దిండు గలీబులు, దుప్పటి, టీవీ లేకపోయినా టీవీ కవరు. గలీబుల మీద ఒకదానికి "స్వీట్", ఇంకోదానికి "డ్రీమ్స్" ఉండి తీరాలి. చిన్నమ్మ చదివింది కన్నడ మీడియం, అదీ ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలను కూడా పువ్వుల్లాగే చూసి గీసేది. ఒకసారి పేపర్ తిరగేసి అద్దడంతో "గుడ్ నైట్" అద్దంలో చూస్తేగానీ చదవరాకుండా పడింది. మగపెళ్లివాళ్లలోనూ ఇంగ్లీషు వచ్చినవాళ్లు లేరు. బాగుంది బాగుంది అనుకుంటూ పట్టుకుపోయారు.

చిలకల జంటకు 15 రూపాయలు, గులాబీ కొమ్మకు అయిదు. దారం ఆమెదే. ఎన్ని ఆకులు ఎక్కువ కుట్టినా అదే రేటు. బేరమాడకుండా ఇచ్చినవాళ్లను నేనైతే చూడలేదు.

చిలకలూ గులాబీలూ కుట్టీ కుట్టీ ఆమెకు విసుగొచ్చిందని నాకు తెలిసింది గండభేరుండం గీసిన రోజే. రాయచూరు నుంచి వచ్చే కర్ణాటక బస్సుల మీద ఒక పక్షి గుర్తుండేది. ఒకటే ఒళ్లు, రెండు తలలు, ఒకటి అటు, ఒకటి ఇటు. కర్ణాటక సర్కారు ముద్రలో ఎర్రటి డాలు మీద తెల్లగా ఉండేదీ ఆ పక్షే. మైసూరు ఒడెయార్ల కాలం నుంచి వస్తున్న గుర్తు. బస్టాండులో మేం ఎర్రబస్సు కోసం ఎదురుచూస్తుంటే చిన్నమ్మ మాత్రం పక్కన ఆగిన కర్ణాటక బస్సు దగ్గరికి పోయి, చేతిసంచిలోంచి కాగితం తీసి గీసుకునేది. లోపల కూర్చున్నవాళ్లు కిటికీలోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్లు. ఆమె పుట్టింటి గుర్తు ఆ బస్సులే కదా. మైసూర్ శాండల్ సబ్బు అట్ట మీదున్నదీ ఈ పక్షే అని మా ఇంట్లో సగంమంది వాదన. అది శరభం. ఏనుగు తల, సింహం ఒళ్లు. చిన్నమ్మ అట్ట తెచ్చి ముందు పడేసి, "దీనికి ముక్కేదిరా, తొండం గదా ఉన్నది" అని వాదన తెంచేసింది.

గండభేరుండం కథ మాకు నాయనమ్మ చెప్పగా తెలుసు. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు మీద దాని గూడు. గూట్లో పిల్లల్ని తినడానికి పాము ఎక్కుతుంటే రాజకుమారుడు నరుకుతాడు. ఆ విశ్వాసంతో తల్లిపక్షి అతన్ని వీపు మీద ఎక్కించుకుని సముద్రాలు దాటిస్తుంది. ఏనుగుల్ని కాళ్లతో తన్నుకుపోయేంత పెద్ద పక్షి అని చెబుతూ నాయనమ్మ రెండు చేతులూ చాపేది. ఏనుగు మాట వినగానే మేం ఇంటి కప్పు వైపు చూసేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత విజయనగర రాజు అచ్యుతదేవరాయల బంగారు నాణెం ఫోటో ఒకటి చూశాను. ఆయన ఏలింది 1529 నుంచి 1542 దాకా. వేలిగోరంత నాణెం మీద అదే రెండు తలల పక్షి, ముక్కులతో, గోళ్లతో ఏనుగుల్ని పట్టుకుని! నాయనమ్మ చేతులు చాపింది ఉత్తుత్తికే కాదన్నమాట.

బట్ట ముదురు మెరూన్ పాప్లిన్. రంగుల కోసం నాయనమ్మ దగ్గరున్న ఒకే ఒక్క గద్వాల చీర బయటికి తీయించింది. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. ఆ చీర మంచం మీద పరిచి, దాని మీద రీళ్లు పెడుతూ తీస్తూ ఒక పూటంతా కూర్చుంది. చివరికి మెడలకు నెమలికంఠం, ఒంటికి చిలకపచ్చ, తోకకు మామిడిపండు పసుపు, అక్కడక్కడా వంకాయరంగు, ముక్కులకూ కాళ్లకూ మిరపపండు ఎరుపు తేల్చింది. రెక్కలకు మాత్రం షేడ్ దారం. అంటే ఒకే రీలులో ముదురు నీలం మెల్లగా లేతబడి, తెల్లనై, మళ్లీ ముదురయ్యే దారం. దాంతో పువ్వులు కుట్టేవాళ్లు రంగు ఎక్కడ మారితే అక్కడే మారనిస్తారు. చిన్నమ్మ అట్లా వదల్లేదు. ప్రతి ఈకా మొదట్లో ముదురుగా ఉండి కొసకు తెల్లబడాలి. దారం రంగు మారేలోపు ఈక అయిపోతే మిగిలిన దారం సూదిలోంచి గుంజి తెంపి, మళ్లీ ముదురు వచ్చేదాకా వదిలేసేది. పొదుపు మనిషి, జాకెట్టు విప్పదీస్తే ఆ దారం కూడా పారేయని మనిషి, ఆ రెక్కల దగ్గర మాత్రం మూరలకు మూరలు నేల మీద పారబోసింది. నేను ఏరి పుల్లకు చుట్టుకున్నాను, గాలిపటానికి.

రెండు తలలూ అచ్చు ఒకటే రావాలని పేపర్‌ను నడుమకు మడిచి, సగం పక్షినే గీసి, రెండు పొరలూ కలిపి నా చేత పొడిపించింది. మడత విప్పితే పూర్తి పక్షి. పేపర్ మీద రెండు మొహాల్లో వెంట్రుకవాసి తేడా లేదు. బట్ట మీదికొచ్చేసరికి అట్లా రాలేదు. కుడి తల నెమ్మదైన తల. ఎడమ తల కన్ను కాస్త పెద్దదై, ముక్కు కాస్త వంగి, ఎవరితోనో జగడమాడి వచ్చినట్టుంది. కుడివైపు ఫ్రేము తిప్పినంత సులువుగా ఎడమవైపు తిరగదని ఆమె చెప్పింది. మేము ఎడమ దాన్ని నాయనమ్మ అనేవాళ్లం, ఆమె లేనప్పుడు.

అంత దట్టంగా కుడితే బట్ట లోపలికి గుంజుకుని ముడతలు పడుతుంది. అందుకని అడుగున పాత పేపర్ పొరలు పెట్టి కుట్టేది. అయిపోయాక చింపేయాలి. సందుల్లో ఇరుక్కున్నవి రావు. మా గండభేరుండాన్ని తిరగేసి చూస్తే రెక్కల వెనక, తెల్ల బాబిన్ దారాల నడుమ, సగం సగం అక్షరాలు, ఎవరిదో సగం మీసం ఉన్న ఫోటో ముక్క కనబడేవి. నాకు ముందువైపు కన్నా అటువైపే ఇష్టంగా ఉండేది.

చూసినవాళ్లంతా నోరు తెరిచారు. కావాలని ఒక్కరూ అనలేదు. దిండ్ల మీదికి కుడతానంటే నాయనమ్మే మొదట అడ్డుపడింది. "పెండ్లి దిండ్ల మీద ఇదా? మొగుడొక దిక్కు, పెండ్లామొక దిక్కు సూస్తరు" అంది. నిజమే, చిలకలు ముక్కూ ముక్కూ ఆనించుకుని కూర్చుంటాయి, ఇవేమో ఎడమొహం పెడమొహం. ఆ మాట ఊరంతా పాకింది. రెండు తలల పక్షి ఇంట్లో ఉంటే అత్తాకోడళ్లకు పడదని ఒకరు, అన్నదమ్ములు వేరుపడతారని ఒకరు. పంచతంత్రంలో భారుండ పక్షి కథ మా సారు చెప్పిందీ ఆ రోజుల్లోనే: ఒక తలకు అమృతం లాంటి పండు దొరికితే రెండో తలకు పెట్టదు, రెండో తల పంతం పట్టి విషపు పండు తింటుంది, పొట్ట ఒక్కటే కాబట్టి రెండూ చస్తాయి. నేను ఇంటికొచ్చి నోరు ఊరుకోక ఆ కథ చెప్పాను. నాయనమ్మ చిన్నమ్మ వైపు చూసి, "ఇంటివా" అంది.

చిన్నమ్మ వాదన పెట్టుకోలేదు. దాని చుట్టూ నారాయణపేట చీర అంచులోంచి కత్తిరించిన గుడికొమ్ముల పట్టీ అతికి, మిషన్ మీద కవరుగా వేసుకుంది. ఇక పెళ్లివాళ్లు ఎవరొచ్చినా ముందు కనిపించేది అదే. "అక్కా, ఇది తప్ప ఏదైనా కుట్టు" అని నవ్వేవాళ్లు. ఆమె కవరు మడిచి పక్కన పెట్టి, చిలకల పేపర్ తీసేది. ఉతికినప్పుడు ఎర్రదారం రంగు వదిలి ముక్కుల కిందికి కారింది. పక్షి ఏదో తిని వచ్చినట్టు కనబడేది. నాకైతే అట్లానే బాగుందనిపించింది. చిన్నమ్మ మాత్రం దారం అమ్మినవాణ్ణి కన్నడంలో తిట్టింది. తిట్లకు ఆమె ఎప్పుడూ పుట్టింటి భాషే వాడేది.

పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు మిషన్ అమ్మేశారు. అప్పటికి ఆమె మోకాళ్లు పోయాయి. రెడీమేడ్ దుప్పట్లొచ్చి గలీబులు అడిగేవాళ్లూ పోయారు. కొన్నావిడ ఆటోలో ఎక్కిస్తుంటే చిన్నమ్మే లోపలికి పోయి కవరు తెచ్చి, "దుమ్ము పడతది, ఇది గూడ తీసుకపో" అని కప్పి పంపింది. నేను అప్పుడు హైదరాబాదులో చదువుతున్నాను. సెలవులకు వచ్చి అడిగితే, "మిషన్ లేనిది కవరేం చేసుకోను" అంది. ఆమె మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఒక ఫోటో అయినా తీసిపెట్టలేదు ఎవరూ.

ఇప్పుడు ఆమె కొడుకూ కోడలూ మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పెట్టారు. మిషన్ తల ఒక్కదానికే వరసగా 12 సూదులు, ఒక్కో సూదికి ఒక్కో రంగు. పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కితే ఫ్రేము దానంతటదే అటూ ఇటూ పరుగెడుతుంది, రంగు మారాల్సినచోట సూది మారుతుంది, దారం అదే తెంపుకుంటుంది. నిమిషానికి 800 కుట్లు. కోడలు ఆ పక్కనే కూర్చుని ఫోన్‌లో మాట్లాడుకుంటుంది. అక్కడ పెళ్లికూతుళ్లు ఎక్కువగా అడిగే డిజైన్ ఏదో చెప్పనక్కర్లేదు. పట్టు జాకెట్ల వీపు మీద, చేతుల మీద, ఎక్కడ చూసినా గండభేరుండమే. టెంపుల్ డిజైన్ అంటున్నారు. మొగుడూ పెళ్లాం ఎడమొహం పెడమొహం మాట ఇప్పుడు ఎవరి నోటా రాదు. నాయనమ్మ ఉంటే ఏమనేదో.

పాతదే గొప్ప, చేతిపనే గొప్ప అని చిన్నమ్మ అంటుందేమోనని నేను కాచుకుని ఉన్నాను. ఆ షాపులోకి మొదటిసారి వచ్చి, మిషన్ ముందు కుర్చీ వేయించుకుని, ఒక జాకెట్టు అయ్యేదాకా కదలకుండా చూసి ఆమె అన్న మొదటి మాట: "ఇది అప్పుడే ఉంటే నా మోకాళ్లు నాకుండేవి." రెండో మాట మాత్రం పని తెలిసిన మనిషి మాట. జాకెట్టును కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో అటూ ఇటూ వంచి, "ఈకలన్నీ ఒక్క దిక్కే పోతున్నయి. అందుకే రేకు లెక్క మెరుస్తున్నది. ఈక ఎటు మొలుస్తదో దారం అటు పోవాల" అంది. కోడలు కంప్యూటర్ తెరిచి, రెక్కలో ఒక్కో ఈకకూ కుట్టు వాలు మార్చుకుంటూ పోయింది. కొసలు పైకి తిరిగే ఈకల దగ్గర చిన్నమ్మ వేలు తెర మీద పెట్టి చూపించింది. కొత్త ఫైల్‌తో కుట్టిన జాకెట్టును నేనూ చూశాను. కదిలితే రెక్క ఒక్కోచోట ఒక్కో రంగు తేలుతుంది. ఆ ఫైల్ ఇప్పుడు వాళ్లు పక్క షాపులవాళ్లకు ఇవ్వడం లేదు. తలలు మాత్రం రెండూ ఒక్కటే. ఒక తల గీసి మిర్రర్ కొడితే రెండోది అదే వస్తుంది, జగడమాడే తల రమ్మన్నా రాదు.

మొన్న పండక్కి పోయినప్పుడు కోడలు ఒకరికి రేటు చెబుతోంది. వెయ్యి కుట్లకు ఇంత అని లెక్క, డిజైన్‌లో ఎన్ని కుట్లున్నాయో కంప్యూటరే చూపిస్తుంది. చిన్నమ్మకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

"కుట్లు లెక్కబెట్టి పైసలు తీసుకుంటరా?"

"అవును అత్తమ్మా."

"ఎవరూ ఏమనరా?"

"ఎందుకంటరు? రేటే అంత."

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "ఒరేయ్, మన మిషన్ కవరు మీది పక్షికి ఎన్ని కుట్లుండె?" నేను చేతులతో కొలత చూపించాను, జానెడున్నర వెడల్పు, అంతా నిండుగా. కోడలు కాసేపు ఆలోచించి, లక్ష దాటుతాయంది.

"లక్ష," అంది చిన్నమ్మ. "చిలకలకు 15 రూపాయలిచ్చి అందులో రెండు రూపాయలు తగ్గించమన్నది ఆ కిరాణం ఆయన పెండ్లాం. ఉన్నదా ఇంకా ఆమె?"

ఉంది, మనవరాలి పెళ్లి జాకెట్లు కుట్టడానికి ఇచ్చింది ఇక్కడే అని కోడలు చెప్పింది.

"రేటు తగ్గించకు," అంది చిన్నమ్మ.